నేను కూర్చోని కుర్చీకి నా పేరుతో రివ్యూ

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరూ, తన వెబ్‌సైట్ పేరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది. సారాంశం ఇది.

ఆరేళ్లుగా ఆమె ఆఫీసు కుర్చీల మీద రివ్యూలు రాస్తున్నారు. కుర్చీని సొంత డబ్బుతో కొని, కనీసం మూడు నెలలు అందులోనే కూర్చుని పనిచేశాక గానీ రాయరు. పొడుగు, బరువు తేడా ఉన్న స్నేహితులను కూడా కూర్చోబెట్టి, ఎవరికి ఎలా ఉందో అడిగి రాసుకుంటారు. చదివినవాళ్లు లింకు నొక్కి కొంటే వచ్చే కమిషనే ఆదాయం. మొదట్లో బాగానే వచ్చింది. ఆ ధైర్యంతో తమ్ముడి చేత ఉద్యోగం మాన్పించి సైట్ పనిలోకి తెచ్చుకున్నారు. 2023 చివరి నుంచి గూగుల్ ద్వారా వచ్చే పాఠకులు పడిపోతూ వచ్చారు. తమ్ముడు ఒక ఎస్ఈఓ (సెర్చ్ ఫలితాల్లో పేజీలు పైకి వచ్చేలా చేసే పని) కన్సల్టెంట్‌ను కుదిర్చాడు. ఆయన ఒక జాబితా ఇచ్చాడు: ప్రతి పేజీ మూడు వేల పదాలుండాలి, పాత రివ్యూల తేదీలు ఈ నెలకు మార్చాలి, ‘టాప్ 10’ పేజీలు పెంచాలి, వేరే సైట్లలో డబ్బిచ్చి లింకులు పెట్టించాలి, సైట్ వేగంగా తెరుచుకోవాలి, కొనాలా వద్దా అన్న మాట పేజీ మొదట్లోనే చెప్పాలి. ఆమె అన్నిటికీ కలిపి ఒకే మాట అన్నారు: వద్దు.

ఆ తర్వాత ఆమెకు ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాలు కంప్యూటర్ ముట్టుకోలేదు. కోలుకుని చూసేసరికి సైట్‌లో పన్నెండు కొత్త రివ్యూలున్నాయి, అన్నీ ఆమె పేరుతోనే. ఆ కుర్చీల్లో ఒక్కటి కూడా ఇంటికి రాలేదు. కంపెనీ ఇచ్చిన వివరాలు, కొన్నవాళ్లు అక్కడక్కడా రాసిన మాటలు కలిపి, ఏఐ చేత రాయించి, ‘మా పరీక్షలో తేలిందేమిటంటే’ అని తమ్ముడు పెట్టేశాడు. చాలాకాలం తర్వాత ఆదాయం కాస్త పెరిగింది కూడా. ఇంతలో ఒక పాఠకుడు మెయిల్ రాశాడు: ‘మీరు మొదటి స్థానం ఇచ్చారని కొన్నాను. నెల తిరక్కుండా సీటు కుంగిపోయింది. మీ దగ్గర ఇలా కాలేదా?’ నిలదీస్తే తమ్ముడన్న మాట: ‘అక్కా, అందరూ చేసేది ఇదే. నీ నిజాయితీ ఎవరికీ కనిపించని పదో పేజీలో పడుంటే ఎవరికి లాభం?’

ఆమె అడుగుతున్నారు: ఆ పన్నెండూ తీసేస్తే తమ్ముడికి ఇవ్వడానికి డబ్బుండదు, ఉంచితే నాకు నిద్ర పట్టదు. అసలు ఎస్ఈఓ అన్నదే మోసమా? కొత్త పేరుతో సైట్ మళ్లీ మొదలుపెట్టనా? మొత్తానికే మానేయనా?

---

మీ తమ్ముడి ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు దాన్ని తోసిపారేసినట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. అది తోసిపారేయాల్సిన ప్రశ్న కాదు.

సెర్చ్ ఇంజన్ కుర్చీలో కూర్చోలేదు. దానికి కనిపించేవి పేజీలోని మాటలు, ఫొటోలు, శీర్షికలు, ఆ పేజీకి బయటి నుంచి వచ్చే లింకులు. ఎవరు నిజంగా పరీక్షించారో దానికి తెలియదు కాబట్టి, పరీక్షించినవాళ్ల పేజీల్లో సాధారణంగా ఏముంటుందో వాటికోసం వెతుకుతుంది. ఫలానా గుర్తు ఉంటే పైకి వెళ్తామని ఒకసారి తెలిశాక, పరీక్ష చేయకుండా ఆ గుర్తును మాత్రమే తయారుచేసేవాళ్లు బయల్దేరతారు. పాఠం వదిలేసి ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టినట్టు. మీకు ఒక రివ్యూకి మూడు నెలలూ ఒక కుర్చీ ఖరీదూ పడుతుంది. వాళ్లకు ఒక మధ్యాహ్నం చాలు. కొన్నవాడు లింకు నొక్కితే కమిషన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ లెక్కలో మీరు ఓడిపోవడానికి మీ రాత బాగుండకపోవడం కారణం కానక్కర్లేదు.

ఇది మీ ఒక్కరి అనుమానం కాదు. జర్మనీలోని లైప్‌జిగ్, వైమార్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వస్తువుల రివ్యూల కోసం జనం వెతికే 7,392 ప్రశ్నలను తీసుకుని, గూగుల్, బింగ్, డక్‌డక్‌గోలలో వచ్చే ఫలితాలను ఏడాదిపాటు గమనించి, 2024 మొదట్లో ఆ వివరాలు బయటపెట్టారు. సగటున చూస్తే పైన వచ్చే పేజీల్లో ఎస్ఈఓ పని ఎక్కువ, అఫిలియేట్ లింకులు (నొక్కి కొంటే కమిషన్ వచ్చేవి) ఎక్కువ, రాతలో నాణ్యత తక్కువని సూచించే లక్షణాలూ ఉన్నాయని తేల్చారు. ఇంకో సంగతి మీకు మరీ ముఖ్యం. వెబ్‌లో ఉన్న మొత్తం రివ్యూల్లో అఫిలియేట్ లింకులున్నవి కొద్ది భాగమే, కానీ సెర్చ్ ఫలితాల్లో చూస్తే ఎక్కువ భాగం అవే. సెర్చ్ ఇంజన్లు చేసే మార్పులు కొన్నాళ్లు పనిచేస్తున్నాయనీ, తర్వాత మళ్లీ పాత కథే అవుతోందనీ కూడా గమనించారు.

గూగుల్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2021 ఏప్రిల్‌లో వస్తువుల రివ్యూల కోసమే ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ తెచ్చింది. పేజీల నాణ్యతను అంచనా వేసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో ‘స్వయంగా అనుభవం ఉందా’ అన్నదాన్ని చేర్చింది. 2023 సెప్టెంబరులో వచ్చిన మరో అప్‌డేట్ తర్వాత చాలా చిన్న సైట్లు పాఠకులను పోగొట్టుకున్నాయి. మీరు చెప్పిన కాలం దానితో సరిపోతోంది. ఎయిర్ ప్యూరిఫైయర్లను స్వయంగా పరీక్షించే హౌస్‌ఫ్రెష్ అనే చిన్న సైట్ 2024 ఫిబ్రవరిలో తన గోడు బహిరంగంగానే వెళ్లబోసుకుంది. వస్తువును పరీక్షించిన ఆధారమేదీ చూపించని పెద్ద పత్రికల ‘బెస్ట్’ జాబితాలు తమను కిందికి నెట్టేస్తున్నాయన్నది దాని ఫిర్యాదు. పేరున్న సైట్ తన మంచి ర్యాంకును బయటివాళ్లు తయారుచేసే పేజీలకు అద్దెకిచ్చే పద్ధతికి అడ్డుకట్ట వేస్తూ గూగుల్ అదే ఏడాది మార్చిలో నియమం ప్రకటించి, మేలో అమలుచేసి, నవంబరులో ఇంకాస్త బిగించింది.

అయితే ఇక్కడ ఆగి మీరొక పని చేయాలి. లోకం అన్యాయంగా ఉన్నమాట నిజమే అయినా, మీ సైట్ పడిపోవడానికి అదొక్కటే కారణమని నాకెలా తెలుస్తుంది? సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి ఏ పేజీలు, ఏ ప్రశ్నల దగ్గర పడ్డాయో చూడండి. ర్యాంకు అలాగే ఉండి నొక్కేవాళ్లు తగ్గితే జబ్బు వేరు. గూగుల్ తనే పైన జవాబు చెప్పేస్తోందేమో, లేదా మీ శీర్షిక చూస్తే లోపల ఏముందో అర్థం కావడం లేదేమో. ర్యాంకే పడితే అది ఇంకో జబ్బు. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఇక కన్సల్టెంట్ జాబితా. మీరు దాన్ని ఒకే మూటగా చూసి వద్దన్నారు, మీ తమ్ముడు ఒకే మూటగా చూసి కావాలన్నాడు. విప్పి చూస్తే అందులో కొన్ని మంచి సలహాలున్నాయి. సైట్ వేగంగా తెరుచుకోవడం, కొనాలా వద్దా అన్నది మొదటే చెప్పడం వల్ల మీకేం నష్టం? నడుం నొప్పితో ఫోన్ పట్టుకుని చదివే మనిషి మీ మూడు నెలల అనుభవమంతా చదివితే గానీ ఆ కుర్చీ తనకు పనికొస్తుందో లేదో తెలియకపోతే, అది మీ పేజీ లోపమే. ‘పొట్టిగా ఉన్నవాళ్లకు ఏ కుర్చీ మేలు’ అని జనం వెతుకుతుంటే, ఆ మాటలనే శీర్షికలో పెట్టడం మోసం కాదు. మీరు చేసిన పని అవసరమున్నవాడికి కనబడేలా చేయడం కూడా ఎస్ఈఓనే.

మిగతావి వేరు. తేదీలు మార్చడం సంగతి చూడండి. లోపల పెద్దగా ఏమీ మార్చకుండా పేజీ కొత్తదిగా కనిపించడానికి తేదీ మారుస్తున్నారా అని గూగుల్ తన సూచనల్లో తనే హెచ్చరిస్తుంది. తమకు నచ్చే పదాల సంఖ్యంటూ ఏదీ లేదని కూడా అక్కడే రాసింది. మూడు వేల పదాల కోసం కుర్చీల చరిత్ర చేరిస్తే చదివేవాళ్లు పారిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకే విరుద్ధం, పట్టుబడితే సైట్ మొత్తానికి దెబ్బ. ఏ మార్పు విషయంలోనైనా మీ ఇద్దరికీ వాదన వస్తే ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మార్పు ఎందుకు చేశామో అదే పేజీ మీద రాసిపెట్టగలమా? ‘మీకు త్వరగా కనబడాలని మా మాట పైన పెట్టాం’ అని రాయొచ్చు. ‘కొత్తగా పరీక్షించినట్టు మీరు అనుకోవాలని తేదీ మార్చాం’ అని ఎవరూ రాయరు.

కాబట్టి మీకూ మీ తమ్ముడికీ ఉన్న అసలు గొడవ ఎస్ఈఓ గురించి కాదని నా ఉద్దేశం. మీరు కూర్చోని కుర్చీలో కూర్చున్నారని, మీ పేరుతో, మిమ్మల్ని అడగకుండా రాయడం గురించి. గూగుల్ అనేది లేకపోయినా అది గొడవే.

ఆ పన్నెండు పేజీలను ఏం చేయాలి? ఏది ఎంచుకున్నా, ‘మా పరీక్షలో’ అన్న మాటనూ మీ పేరునూ ఈ రోజే తీసేయండి. ఆ కుర్చీకి ఇచ్చిన మొదటి స్థానం కూడా. ఈ ఒక్కదాంట్లో మీకు వేరే దారి ఉందని నేననలేను. ఆ తర్వాతవన్నీ మీరు తూచి చూసుకోవాల్సినవి.

పన్నెండూ పూర్తిగా తొలగించవచ్చు. మనసుకు హాయి. కొత్తగా వచ్చిన ఆదాయం పోతుంది, తమ్ముడి మీద వేసిన శిక్షలా కూడా కనిపిస్తుంది. కానీ మీ తమ్ముడి లెక్కలోనే ఒక పొరపాటుంది, అది చెప్పండి. పనికిరాని పేజీలు ఎక్కువగా ఉంటే అదే సైట్‌లోని మంచి పేజీలకు కూడా దెబ్బ తగలొచ్చని గూగుల్ 2022లో అలాంటి పేజీలను గుర్తించే పద్ధతి తెచ్చినప్పుడే చెప్పింది. 2024 మార్చిలో ఆ పద్ధతిని తన ప్రధాన ర్యాంకింగ్‌లోనే కలిపేసింది. ఈ నెల పెరిగిన ఆదాయం మీ పాత రివ్యూల పరువు మీద తెచ్చిన అప్పు కావచ్చు.

లేదా పేజీలు ఉంచి, అవేమిటో నిజం చెప్పవచ్చు. ‘ఈ కుర్చీని మేమింకా పరీక్షించలేదు. కంపెనీ ఇచ్చిన కొలతలు, కొన్నవాళ్లు చెప్పిన మాటలు ఇక్కడ ఒకచోట చేర్చాం’ అని మొదటి వాక్యంలోనే రాసి, కింద మీ తమ్ముడి పేరు వేసి, రేటింగు, ర్యాంకు లేకుండా పెట్టడం. సీటు ఎత్తు ఎంత నుంచి ఎంతకు మారుతుంది, చేతుల ఆనుడు కదులుతుందా లేదా, వారంటీ దేనికి వర్తిస్తుంది, ఇవన్నీ ఒకచోట పోల్చి పెడితే అది కూడా పనికొచ్చే సరుకే. దానికి కూర్చోనక్కర్లేదు. వీటివల్ల కమిషన్ తగ్గుతుంది, సున్నా అయిపోదు. నా మొగ్గు ఈ దారి వైపే. ఒక షరతు: పరీక్షించినవి, పరీక్షించనివి చూడగానే వేరుగా తెలియాలి. రంగు వేరు కావాలి, చోటు వేరు కావాలి. చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున రాస్తే అది మళ్లీ పాత పనే.

మూడో దారి, ఆ పన్నెండింటిలో జనం ఎక్కువగా చూసే రెండు మూడు కుర్చీలు తెచ్చి నిజంగానే పరీక్షించడం. ఖర్చు, మీ ఆరోగ్యం రెండూ చూసుకోవాలి. మూడు నెలలు ఆగలేమంటే ‘మూడు వారాల తర్వాత’ అని శీర్షికలోనే చెప్పి రాయండి, తర్వాత పెంచండి.

ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఒక దారేనని మీ తమ్ముడు అనొచ్చు. దాని ఫలితం మీకు మెయిల్‌లో వచ్చేసింది. చట్టం వైపు నుంచి కూడా గాలి మారుతోంది. వస్తువుతో అనుభవమే లేనివాళ్ల పేరిట వచ్చే నకిలీ వినియోగదారుల రివ్యూలను నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నిబంధన 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మీకు ఏ దేశపు నియమాలు వర్తిస్తాయో ఒకసారి తెలిసినవాళ్లను అడగండి.

ఆ మెయిల్ రాసిన పాఠకుడికి జవాబు ఆలస్యం చేయకండి. పొడుగ్గా సంజాయిషీ వద్దు. ఆ కుర్చీని మీరు పరీక్షించలేదని, పేజీ సరిదిద్దారని, వాపసు గడువు, వారంటీ ఉన్నాయేమో వెంటనే చూసుకోమని నాలుగు వాక్యాలు చాలు. అతని అనుమతి తీసుకుని సీటు కుంగిన సంగతిని పేజీలో చేర్చండి. ఆ కుర్చీ గురించి మీ సైట్‌లో ఉన్న మొదటి నిజమైన సమాచారం అదే అవుతుంది.

డబ్బు సంగతికి వద్దాం. కమిషన్ తీసుకోవడమే పాపమని మీరు అనుకుంటున్నట్టు ఒకచోట రాశారు. నేనలా అనుకోను. వస్తువుల రివ్యూలు రాసే వైర్‌కటర్ అనే సైట్ 2011లో మొదలై, చాలావరకు అఫిలియేట్ కమిషన్ల మీదే నడిచి, వస్తువులను దగ్గరుండి పరీక్షించి రాస్తుందన్న పేరు తెచ్చుకుంది. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని 3 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. చిక్కల్లా ఒకే సెర్చ్ ఇంజన్ నుంచి వచ్చే పాఠకులు, ఒకే దుకాణం ఇచ్చే కమిషన్, ఈ రెండింటి మీదే ఇల్లు గడవడం. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో ఫర్నిచర్ మీద కమిషన్‌ను 8 శాతం నుంచి 3 శాతానికి తగ్గించింది. రివ్యూ రాసేవాళ్లలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా ఆదాయం సగానికి పైగా పోయింది.

అందుకే మీ దగ్గర మాత్రమే ఉన్న సరుకేమిటో చూడండి. కుర్చీ మొదటి రోజు సుఖంగా ఉండటం పెద్ద సంగతి కాదు, దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. ఏడాదికి ఫోమ్ ఎంత కుంగింది, మెష్ సాగిందా, గ్యాస్ లిఫ్ట్ కూర్చున్నవాణ్ని నిలబెడుతోందా లేక మెల్లగా దింపేస్తోందా, చక్రాలు ఎక్కడ పట్టేస్తున్నాయి, ఇవి ఆరేళ్లుగా మీ ఇంట్లోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నంలో రివ్యూ తయారుచేసేవాడు వీటిని ఊహించి రాయగలడేమో గానీ, ఒకే కుర్చీని రెండు తేదీల్లో కొలిచి ఫొటో తీసి చూపించలేడు. ‘ఏడాది తర్వాత’ అన్న వరుస మొదలుపెట్టండి. అప్పుడు తేదీ మార్చినా అది నిజమైన మార్పే. పేజీ అడుగున మెయిల్ చిరునామా అడిగే చిన్న పెట్టె పెట్టండి. గూగుల్ ఏమనుకున్నా ఆ పాఠకులు మీతోనే ఉంటారు. ఇష్టమున్నవాళ్లు నెలనెలా కొంత ఇచ్చే ఏర్పాటూ చేయొచ్చు. కానీ వీటన్నిటికీ కాలం పడుతుంది, ఇద్దరి జీతాలకు వెంటనే సరిపోవు. ఈ లెక్క తమ్ముడి ముందు దాచకండి.

అసలు ముడి అక్కడే ఉందనిపిస్తోంది. ఉద్యోగం మానమన్నది మీరు కాబట్టి, అతని జీతం గురించి నోరు విప్పలేకపోతున్నారు. ఆ మాట అనలేక రివ్యూల మాటే అంటున్నారు. అతనికీ భయం ఉండే ఉంటుంది: అక్క మంచంలో ఉంది, డబ్బు రావడం లేదు, ఏదో ఒకటి చేయాలి. ఆ భయాన్ని ముందు ఒప్పుకోండి. ‘నేను లేనప్పుడు సైట్ నిలబెట్టాలని చూశావు, అది నాకు తెలుసు. కానీ నా పేరు పెట్టే ముందు నన్ను అడగాల్సింది, అది మాత్రం ఒప్పుకోను’ అని రెండు మాటలూ ఒకేసారి చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి మింగొద్దు. తర్వాత వేరే రోజు, ఇద్దరూ స్థిమితంగా ఉన్నప్పుడు, డబ్బు లెక్క తీయండి. సైట్ ఒక్కరినే పోషించగలదని తేలితే అతను కొంతకాలం వేరే ఉద్యోగం చూసుకుని, ఖాళీ సమయంలో సాంకేతిక పని చూడొచ్చు. అది అతనికి అవమానంగా అనిపించవచ్చు. లేదా మీరే సగం రోజు వేరే పని పట్టి, కుర్చీలను తీరిగ్గా పరీక్షించవచ్చు. అలా చేసే మంచి రివ్యూ రచయితలు చాలామందే ఉంటారు, సైట్ మీద ఒత్తిడి లేకపోతే ‘టాప్ 10’ రాయాలన్న తొందరా ఉండదు. లేదంటే మీ కుర్చీల విభాగం మీకు, కొలతలు పోల్చే విభాగం అతనికి అని పంచుకుని, ఎవరి ఆదాయం వాళ్లు చూసుకోవడం. ఇందులో ఏది మీ ఇంటికి సరిపడుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

కొత్త పేరుతో మొదలుపెట్టే ఆలోచన మాత్రం నాకు అంతగా నచ్చలేదు. అదే సరుకును పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లిస్తే గూగుల్ రెండింటినీ కలిపే చూస్తుంది. మళ్లించకపోతే ఆరేళ్లలో ఇతరులు మీకు తమంతట తామే ఇచ్చిన లింకులన్నీ పోతాయి. రెండింట్లోనూ ఆ పన్నెండు పేజీల సంగతి తేలదు.

మానేయడం గురించి ఇప్పుడే తేల్చుకోకండి. ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న మనిషి, డబ్బు టెన్షన్‌లో, తమ్ముడితో మాటల్లేని ఇంట్లో కూర్చుని తీసుకునే నిర్ణయం కాదది. ఆరు నెలలు గడువు పెట్టుకోండి. అప్పటికీ మూసేయాలనే అనిపిస్తే మూసేయండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే పాత రివ్యూలను చెరిపేయకుండా, ప్రతి పేజీ పైన చివరిసారి పరీక్షించిన తేదీ రాసి, ఇకపై కొత్తవి ఉండవని చెప్పి వదలండి. కుర్చీల మోడళ్లు ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ‘ఆరేళ్లకు ఏమైంది’ అన్నది చెప్పే పేజీ ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.